ఆదివారం పరుగు, సోమవారం రక్తపరీక్ష

బెంగళూరులో ఆదివారం తెల్లవారకముందే కబ్బన్ పార్కుకో, సర్జాపూర్ రోడ్డు పక్కన కైకొండ్రహళ్లి చెరువు గట్టుకో వెళితే తెలుగు చెవిన పడకుండా ఉండదు. మారతహళ్లి నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి, కేఆర్ పురం నుంచి వచ్చినవాళ్లు. నలభైకి కాస్త అటూ ఇటూ వయసు, చేతికి జీపీఎస్ వాచీ, నడుముకి నీళ్ల సీసా. పద్దెనిమిదో ఇరవయ్యో కిలోమీటర్లు అయ్యాక దగ్గర్లోని దర్శినిలో నిలబడి ఇడ్లీ, వడ, ఫిల్టర్ కాఫీ. అక్కడ మాటలు పేస్‌తో మొదలై ఒంటి మీదకి మళ్లుతాయి. ‘‘రెండు నెలల నుంచి ఏదో నీరసం అన్నా. కిలోమీటరు ఆరు నిమిషాల్లో వెళ్లేవాణ్ని, ఇప్పుడు ఆరున్నరకే ఆయాసం వచ్చేస్తోంది’’ అంటారొకరు. ‘‘ఒకసారి ఫుల్ బాడీ చెకప్ చేయించు తమ్ముడూ, ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు’’ అంటారు ఇంకొకరు. కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు ఫోన్లో బుకింగ్ అయిపోతుంది. సోమవారం పొద్దున ఆరున్నరకి, పరగడుపున.

సలహా మంచిదే. ఎంచుకున్న రోజే బాగాలేదు. ముందు రోజు ఇరవై కిలోమీటర్లు పరుగెత్తిన ఒంట్లోంచి తీసిన రక్తం, ఆ మనిషి సంగతి కన్నా ఆ పరుగు సంగతే ఎక్కువ చెబుతుంది. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది, ఉన్న లోటును దాచేస్తుంది. దూరం పరుగెత్తేవాళ్లకి రక్తపరీక్ష పనికొస్తుందా అంటే తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే ఏ ప్రశ్న మీద పరీక్ష చేయిస్తున్నారు, రక్తం ఎప్పుడు తీశారు, ఇదే మనిషికి ఆర్నెల్ల క్రితం ఆ అంకె ఎంత ఉంది అన్న మూడు సంగతులు పక్కన లేకపోతే, రిపోర్టులో బోల్డ్ అక్షరాలు టెన్షన్ పెట్టడానికే పనికొస్తాయి.

ముందు ప్రశ్న సంగతి. అలసటకి తెలుగులో మాటలు చాలా ఉన్నాయి, అవన్నీ ఒకటి కావు. పరుగెత్తుతున్నప్పుడు ఊపిరి అందకపోతే ఆయాసం. ఏ పనీ చేయకుండానే ఒంట్లో శక్తి లేనట్టుంటే నీరసం. చేయాలనే ఊపే పోతే నిస్సత్తువ. నిద్ర చాలక కళ్లు మూతలు పడుతుంటే బడలిక. మెట్లు దిగుతుంటే పిక్కలు, తొడలు పట్టేస్తే ఒళ్లు నొప్పులు. డాక్టర్ దగ్గర అన్నింటినీ కలిపి ‘టయర్డ్‌గా ఉంటోంది’ అనేస్తాం. నిజానికి ఏ మాట వాడతామన్నదే సగం దారి చూపిస్తుంది. తేలికైన పరుగులోనూ, గుడి మెట్లెక్కుతున్నా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్, ఇనుము వైపు చూడాలి. ఆయాసంతో పాటు ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, గుండె దడదడలాడినా రక్తపరీక్షతో కాలయాపన చేయకుండా ముందు గుండె చూపించుకోవాలి. చలి ఎక్కువై, జుట్టు రాలి, తిండి పెరగకుండానే బరువు పెరుగుతుంటే థైరాయిడ్. కాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు తోడైతే బీ12. పొద్దున లేస్తూనే బడలికగా ఉండి, సెలవు రోజు తొమ్మిది గంటలు పడుకుంటే పోయేదైతే దానికి ఏ సూదీ అక్కర్లేదు.

పరుగువాళ్ల రక్తంలో అన్నింటికన్నా ఎక్కువగా చెప్పుకోవలసింది ఇనుము గురించే. మన ఇళ్లలో రక్తహీనత అనరు, ‘ఒంట్లో రక్తం లేదు’ అంటారు. కాస్త తెల్లబడితే ‘రక్తం పట్టాలి’ అని టానిక్ తెస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం రక్తహీనులే కాబట్టి, ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ప్రకారం డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులకు 13 గ్రాములు, గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత.

ఆ గ్రాముల విలువ పరుగులో సూటిగా తెలుస్తుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 14 ఉన్నవాళ్ల 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 18.8 మిల్లీలీటర్లు మోస్తే, 12 ఉన్నవాళ్లది 16.1 దగ్గర ఆగుతుంది. బండిలో ఏడో వంతు సరుకు తగ్గిపోయినట్టు. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఆ తేడా తెలియదు, గుండె కాస్త వేగంగా కొట్టుకుని సర్దేస్తుంది. నంది హిల్స్ ఎక్కుతుంటే సర్దడానికి ఇంకేమీ మిగలదు.

అయితే ‘రక్తం లేదు’ అన్న మాట ఒక పెద్ద సంగతిని కప్పేస్తుంది. ఇనుము తగ్గిన రోజే రక్తం తగ్గదు. ఒంట్లోని ఇనుములో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. కొంత కాలేయంలో, ఎముక మజ్జలో నిల్వ. ఆ నిల్వకి గుర్తు ఫెరిటిన్. ఇంట్లో బియ్యం నిండుకుంటున్నా అన్నం గిన్నె మామూలుగానే నిండుతుంది కదా, అలా నిల్వ అడుగంటే దాకా హిమోగ్లోబిన్ తన అంకె నిలబెట్టుకుంటుంది. కండరంలో ఆక్సిజన్ పట్టి ఉంచే మయోగ్లోబిన్‌కీ, శక్తి తయారుచేసే ఎంజైములకీ కూడా ఇనుమే కావాలి కాబట్టి రక్తహీనత రాకముందే నీరసం రావచ్చు.

ఒక రిపోర్టు ఊహించుకుందాం. 34 ఏళ్ల మహిళ, వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తుతారు. హిమోగ్లోబిన్ 12.3. ఎర్ర కణం సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 80. సరిగ్గా గీత మీద. కణాల పరిమాణంలో ఎగుడుదిగుళ్లు చూపించే ఆర్‌డీడబ్ల్యూ 15, కొంచెం ఎక్కువ. పై రెండూ చూసి ‘నార్మలే’ అని పక్కన పెట్టేయవచ్చు. అదే శాంపిల్‌లో ఫెరిటిన్ కూడా చేయిస్తే 9 వచ్చింది అనుకోండి, కథ మారిపోతుంది. పెద్దవాళ్లలో మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కన్నా తక్కువుంటే ఇనుము లోటు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకం. క్రీడా వైద్యులు చాలామంది 30 దగ్గరే జాగ్రత్తపడతారు. విచిత్రమేమిటంటే కొన్ని ప్యాకేజీల్లో సీరం ఐరన్ ఉంటుంది, ఫెరిటిన్‌కి మాత్రం విడిగా డబ్బు కట్టాలి. సీరం ఐరన్ పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోయే అంకె. ముందు రోజు వేసుకున్న ఐరన్ మాత్రకి కూడా ఊగుతుంది. అరవై పరీక్షల ప్యాకేజీ కొనే బదులు రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, ఫెరిటిన్, ఒంటి లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ, బీ12, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ ఇవి ఐదూ విడిగా చేయించుకుంటే నీరసంతో వచ్చిన పరుగువాళ్లకి చాలావరకు మొదటి దారి దొరుకుతుంది.

ఇలాంటివాళ్లకి ఇనుము ఇస్తే నీరసం తగ్గుతుందా? 2012లో ఫ్రాన్స్‌లో చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. హిమోగ్లోబిన్ 12 దాటి, ఫెరిటిన్ 50 లోపు ఉండి, నీరసంగా ఉందని వచ్చిన 198 మంది స్త్రీలు. సగం మందికి 12 వారాలు రోజుకు 80 మిల్లీగ్రాముల ఇనుము, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఇనుము వేసుకున్నవాళ్లలో నీరసం స్కోరు దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్త మాత్రతోనూ 29 శాతం తగ్గింది. ఇనుముకి పని చేసే గుణం ఉందని మొదటి అంకె చెబుతుంటే, ‘నాకు ఫలానా పొడితో నీరసం పోయింది’ అనే వాట్సాప్ సాక్ష్యాలకి ఎంత విలువివ్వాలో రెండోది చెబుతుంది.

మిగతావాళ్ల కన్నా పరుగువాళ్లకే ఈ లోటు ఎందుకు తొందరగా వస్తుందంటే, కారుతున్న చిల్లులు ఒకటి కాదు. పాదం నేలను గుద్దుకున్న ప్రతిసారీ అరికాలి రక్తనాళాల్లో కొన్ని ఎర్ర కణాలు పగిలిపోతాయి. దూరం కవాతు చేసిన ఒక జర్మన్ సైనికుడి మూత్రం ఎర్రగా రావడం 1881లోనే వైద్య పత్రికలకెక్కింది. దూరం పరుగుల్లో పేగులకి రక్తం తగ్గి, అక్కడ కంటికి కనపడనంత నెత్తురు కారవచ్చు. చెమటలో కాస్త. స్త్రీలకి నెలసరి. దానికి తోడు బెంగళూరు ఐటీ పార్కుల్లో రక్తదాన శిబిరాలు. దానం గొప్ప పనే, కానీ 350 నుంచి 450 మిల్లీలీటర్ల రక్తంతో సుమారు 170 నుంచి 220 మిల్లీగ్రాముల ఇనుము వెళ్లిపోతుంది. అది మామూలు తిండితో పూడటానికి నెలలు పడుతుంది. మూడు నెలల్లో మారథాన్ పెట్టుకుని శిబిరంలో చెయ్యి చాపినవాళ్లు తర్వాత పేస్ పడిపోయిందని షూస్‌ని అనుమానిస్తారు.

అన్నింటికన్నా ఆసక్తికరమైనది హెప్సిడిన్. కాలేయం తయారుచేసే ఈ చిన్న హార్మోను పేగుల్లోంచి ఇనుము లోపలికి రాకుండా గేటు వేసేస్తుంది. గట్టి పరుగు తర్వాత ఒంట్లో వాపు సంకేతాలు పెరిగి, 3 నుంచి 6 గంటలకి హెప్సిడిన్ పైకి లేస్తుంది. అంటే పొద్దున ఆరింటికి పరుగు ఆపినవాళ్లు పదకొండింటికి ఐరన్ మాత్ర వేసుకుంటే గేటు మూసి ఉన్నప్పుడు తలుపు కొట్టినట్టే. పరుగుకి ముందుగానీ, ముగిసిన అరగంటలోపుగానీ వేసుకోవడం మేలు. మాత్ర కూడా హెప్సిడిన్‌ని పెంచుతుంది. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2017లో చూపించిన ప్రకారం ఇనుము తక్కువున్న స్త్రీలు రోజూ కాకుండా రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటే అందులోంచి ఒంటపట్టే వంతు పెరిగింది. కడుపులో మంట, మలబద్ధకం భరించలేక మధ్యలో మానేసేవాళ్లకి ఇది మంచి కబురు. మోతాదు డాక్టర్ చెప్పాల్సిందే.

ఇప్పుడు మళ్లీ దర్శినికి. పరుగు తర్వాత టిఫిన్‌తో పాటు తాగే ఫిల్టర్ కాఫీ, అందులోని పాలీఫినాల్స్ వల్ల, తిండిలోని ఇనుమును బాగా అడ్డుకుంటుంది. టీ ఇంకా ఎక్కువ అడ్డుకుంటుంది. 1980లలో చేసిన కొలతల్లో ఒక తమాషా ఉంది: తిండికి గంట ముందు కాఫీ తాగితే ఏమీ కాలేదు, గంట తర్వాత తాగితే మాత్రం తిండితో పాటు తాగినంతే దెబ్బ తగిలింది. కాబట్టి పరుగుకి ముందు కాఫీ, తర్వాత ఇడ్లీ. కాఫీ లేకుండా ఇడ్లీ ఎలా దిగుతుందంటే దానికి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. నిమ్మకాయ, ఉసిరి, జామ వంటి సీ విటమిన్ ఉన్నవి పప్పూ ఆకుకూరల్లోని ఇనుమును లోపలికి తోస్తాయి. పప్పులో నిమ్మకాయ పిండుకునే అలవాటు ఆ లెక్కన చాలా తెలివైనది.

రాగి సంకటి, బీట్‌రూట్ గురించి కూడా ఒక మాట. రాగుల గొప్ప కాల్షియంలో ఉంది, ఇనుములో అంతగా లేదు. ఉన్నది కూడా గింజల్లో ఉండే ఫైటేట్ల వల్ల పూర్తిగా ఒంటపట్టదు. బీట్‌రూట్ రసం రంగు చూసి ‘రక్తం పడుతుంది’ అని గ్లాసులకి గ్లాసులు తాగేవాళ్లున్నారు. అందులో ఇనుము తక్కువే. దానిలోని నైట్రేట్లు మాత్రం దూరం పరుగులో కాస్త సాయం చేస్తాయని పరిశోధనలున్నాయి. తాగుతున్నది మంచిదే, తాగే కారణమే తప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం రోజుకి ఇనుము పురుషులకు 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు. శాకాహారంతో ఆ రెండో అంకెను అందుకోవడం ఎంత కష్టమో వంటింట్లో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఇనుము కథ వినగానే మాత్రల సీసా కొనేయడం ఇంకో ప్రమాదం. తెలుగువాళ్లలోనూ తలసీమియా (హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం) జన్యువు ఒకటి మోసే ఆరోగ్యవంతులున్నారు. వాళ్లకి ఎంసీవీ 70 దగ్గర, హిమోగ్లోబిన్ గీతకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చూడగానే ఇనుము లోటులా కనిపిస్తుంది, కానీ ఫెరిటిన్ సరిపడా ఉంటుంది, ఎర్ర కణాల లెక్క మామూలు కన్నా ఎక్కువే. ఎంసీవీని ఆ లెక్కతో (మైక్రోలీటరుకి ఎన్ని మిలియన్లో దానితో) భాగిస్తే 13 లోపు వస్తే తలసీమియా వైపు అనుమానించాలనే చిట్కా 1973 నుంచి వాడుకలో ఉంది. నిర్ధారణకి హిమోగ్లోబిన్‌లో ఒక రకాన్ని కొలిచే హెచ్‌బీఏ2 పరీక్ష కావాలి. ఏళ్ల తరబడి ‘రక్తం పట్టడం లేదు’ అని ఐరన్ మింగేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. మరోవైపు, పొట్ట వచ్చి ఫ్యాటీ లివర్ ఉన్న మగవాళ్లలో కొందరికి ఫెరిటిన్ 300 దాటి కనిపిస్తుంది. అది ఇనుము సమృద్ధి కాదు, కాలేయం ఇబ్బంది.

బీ12 లోటు ఎర్ర కణాలను పెద్దవి చేస్తుంది, ఇనుము లోటు చిన్నవి చేస్తుంది. రెండూ ఒకేసారి ఉంటే సగటు 88 దగ్గర ముచ్చటగా కూర్చుంటుంది. శాకాహారుల్లో, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, గ్యాస్ మాత్రలు ఏళ్లుగా మింగేవాళ్లలో ఇది తరచుగా ఉండేదే. కాబట్టి ఎంసీవీ నార్మల్ అని ఊరుకోవడం కుదరదు.

హిమోగ్లోబిన్ కాస్త తగ్గినా కంగారుపడనక్కర్లేని సందర్భం కూడా ఒకటుంది. పరుగు సాధన పెరిగిన కొన్ని రోజులకే రక్తంలో నీటి భాగమైన ప్లాస్మా పెరుగుతుంది. పులుసులో నీళ్లు పోస్తే ఉప్పు తగ్గదు, ఉప్పదనం తగ్గుతుంది. ఇక్కడా హిమోగ్లోబిన్ మొత్తం అంతే ఉండి, డెసిలీటరుకి లెక్క మాత్రం అర గ్రాము, గ్రాము దిగుతుంది. ఫెరిటిన్ బాగుండి, పేస్ కూడా బాగుంటే అది జబ్బు కాదు, శిక్షణ పండినట్టు.

ఇక సోమవారం పొద్దున రిపోర్టు. 41 ఏళ్ల వ్యక్తి, ముందు రోజు 22 కిలోమీటర్లు. సాయంత్రానికి ఫోన్లో పీడీఎఫ్ వస్తుంది. ఏఎస్‌టీ 96, ఏఎల్‌టీ 58. రెండూ బోల్డ్‌లో, పక్కన పైకి బాణం గుర్తు. శీర్షిక ‘లివర్ ఫంక్షన్’. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కొంచెం పైన. ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ వెళ్తుంది, బావమరిది డాక్టర్ కాబట్టి ఆయనకి స్క్రీన్‌షాట్ వెళ్తుంది, రాత్రికి ‘మందు మానేయమని ఎన్నిసార్లు చెప్పాను’ అనే మాట వస్తుంది. అదే పీడీఎఫ్‌లో కింద ఇంకో లివర్ ఎంజైమ్ జీజీటీ 24, బిలిరుబిన్ 0.7 అని మామూలు అక్షరాల్లో ఉన్నది ఎవరూ చూడరు.

ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. దూరం పరుగెత్తి కండరం నలిగినప్పుడు అవి రక్తంలోకి కారతాయి. జీజీటీ కండరంలోంచి అలా రాదు, అందుకే అది కదలలేదు. అదే శాంపిల్‌లో సీకే అనే కండరపు ఎంజైమ్ కొలిస్తే 200 దగ్గర ఉండాల్సింది వేలల్లో కనిపించేది, గుట్టు అక్కడే తెలిసిపోయేది. 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బరువులెత్తే అలవాటు లేని 15 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లతో ఒక గంట బరువులు ఎత్తించారు. వాళ్ల ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కనీసం ఏడు రోజులు పైనే ఉండిపోయాయి. జీజీటీ, బిలిరుబిన్ మామూలుగానే ఉన్నాయి. క్రియాటినిన్ సంగతీ ఇంతే. ఒంట్లో నీళ్లు తగ్గి, కండరం నలిగి ఉన్నప్పుడు అది కాస్త పెరుగుతుంది.

ఇదంతా లేని జబ్బు చూపించడం. ఉన్న లోటు దాయడం ఇంకా మోసపూరితమైనది, ఎందుకంటే దానికి బాణం గుర్తు ఉండదు. ఫెరిటిన్‌కి ఇంకో స్వభావం ఉంది. వాపు, జ్వరం, గట్టి శ్రమ ఉన్నప్పుడు నిల్వతో సంబంధం లేకుండా పెరుగుతుంది. నిజంగా 20 ఉండాల్సిన అంకె పెద్ద పరుగు మర్నాడు క్రీడా వైద్యుల 30 గీత దాటి హాయిగా కనపడవచ్చు. అందుకే సీఆర్‌పీ పక్కన ఉండాలన్నది. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ గీతను 15 దగ్గర కాకుండా 70 దగ్గర గీయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

కాబట్టి పరీక్షకి రక్తం ఇచ్చే రోజు బుధవారమో గురువారమో పెట్టుకుని, ముందు రెండు మూడు రోజులు తేలిగ్గా నడిపించాలి. కొత్తగా జిమ్ మొదలుపెట్టి ఉంటే, పెద్ద రేసు అయ్యి ఉంటే వారం ఆగాలి. జలుబు, జ్వరం తగ్గాక రెండు వారాలు ఆగడం మంచిది. ఎప్పుడూ ఇంచుమించు ఒకే టైముకి, నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చున్నాక తీయించుకోవాలి. నిలబడితే, పడుకుంటే రక్తంలో నీటి భాగం అటూ ఇటూ జరిగి హిమోగ్లోబిన్ కూడా మారుతుంది. ఐరన్ మాత్ర ఆ పొద్దున వేసుకోకూడదు. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి రెండు మూడు రోజుల ముందు ఆపాలి. కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా చూపిస్తుంది. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

రిపోర్టు పక్కన కనిపించే ‘నార్మల్ రేంజ్’ ఎలా పుడుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆరోగ్యవంతుల గుంపును కొలిచి మధ్యలోని 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే నిక్షేపంలా ఉన్న ఇరవై మందిలో ఒకరు ఎలాగూ బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కనీసం ఒకటి బోల్డ్‌లో వచ్చే అవకాశం 64 శాతం. ప్యాకేజీ పెద్దదయ్యే కొద్దీ ఆరోగ్యవంతుడు అనిపించుకోవడం కష్టమవుతుంది. దాని తర్వాత స్కానింగ్, స్పెషలిస్టు, మళ్లీ రక్తం. వ్యాపారానికి ఇది బాగానే ఉంటుంది.

తన అంకెను గుంపుతో పోల్చుకోవడం కన్నా తనతోనే పోల్చుకోవడం మేలు. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2009లో తెచ్చిన అథ్లెట్ బయలాజికల్ పాస్‌పోర్ట్ ఈ ఆలోచన మీదే నడుస్తుంది. ఆటగాడి హిమోగ్లోబిన్ లోకం లెక్కలో ఎంతన్నది కాక, అతని పాత అంకెల నుంచి ఎంత పక్కకి జరిగిందన్నదే చూస్తారు. మామూలు పరుగువాళ్లకీ అంతే. ఎప్పుడూ 15 ఉండే మనిషికి 13.4 వస్తే రిపోర్టు నార్మల్ అంటుంది, కానీ ఏదో జరిగింది. అలాగని ఫెరిటిన్ 28 నుంచి 33కి వెళ్లిందని స్వీట్లు పంచనక్కర్లేదు. ఆ మాత్రం తేడా ఏమీ చేయకుండానే వస్తుంది. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, మందు మొదలుపెట్టాక 8 నుంచి 12 వారాలకి మళ్లీ చూస్తే చాలు. నెల నెలా సూది అనవసరం.

డీ విటమిన్ గురించి తక్కువ చెప్పుకుంటే చాలు. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగించేవాళ్లు ఏడాదంతా ఆరుబయట పరుగెత్తినా, చర్మంలో డీ తయారుచేసే కిరణాలు ఆ వేళ దాదాపు ఉండవు. అంకె తక్కువ రావడంలో వింత లేదు. ఎముకల కోసం సరిచేసుకోవాలి. కానీ పేస్ పడిపోవడానికి అదే కారణమని 60,000 యూనిట్ల పొట్లాలు చెప్పిన వారాలు దాటి మింగుతూ పోతే కాల్షియం పెరిగి కొత్త జబ్బు వస్తుంది.

అతి సాధన వల్ల వచ్చే అలసటకి రక్తంలో గుర్తు కోసం చాలామంది వెతికారు. కార్టిసాల్, టెస్టోస్టెరాన్, రెండింటి నిష్పత్తి, సీకే. ఐరోపా, అమెరికా క్రీడా వైద్య సంఘాలు 2013లో కలిసి ఇచ్చిన ప్రకటన సారం ఏమిటంటే, ఏ ఒక్క పరీక్షా దీన్ని నిర్ధారించలేదు, మిగతా కారణాలన్నీ తీసేశాకే అనుమానించాలి. దాని పక్కనే ఉండే ఇంకో సమస్య, ఖర్చుకి తగ్గ తిండి తినకపోవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (RED-S) అని పేరు పెట్టి, 2023లో మళ్లీ సవరించింది. వారానికి 60 కిలోమీటర్లు పరుగెత్తుతూ రాత్రి అన్నం మానేసి, పొద్దున ఫాస్టింగ్ అంటూ తిరిగేవాళ్లకి థైరాయిడ్ హార్మోను టీ3 తగ్గుతుంది, మగవాళ్లకి టెస్టోస్టెరాన్ పడిపోతుంది, ఆడవాళ్లకి నెలసరి ఆగిపోతుంది. నెలసరి ఆగడాన్ని బాగా కష్టపడుతున్నామనడానికి గుర్తుగా తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. మూడు నెలలు రాకపోతే అది ల్యాబ్ కన్నా ముందు ఒళ్లు ఇచ్చిన రిపోర్టు. ఇక అమెరికా కాల్స్ రాత్రి ఒంటిగంటకి ముగించి నాలుగున్నరకి అలారం పెట్టుకునేవాళ్ల రక్తం నిక్షేపంలా వస్తుంది. ‘అన్నీ నార్మలే, మరి నీరసం ఎందుకు’ అని ఇంకో ల్యాబ్ వెతుకుతారు.

వేగం పెంచడానికి నేరుగా పనికొచ్చే రక్తపరీక్ష వేరే ఉంది. దానికి ఒక్క చుక్క చాలు. ట్రెడ్‌మిల్ మీదగానీ ట్రాక్ మీదగానీ కొన్ని నిమిషాల చొప్పున వేగం పెంచుతూ పోయి, ప్రతి మెట్టు దగ్గరా వేలు గానీ చెవి తమ్మె గానీ గుచ్చి, కండరం గట్టిగా పనిచేస్తే రక్తంలో పెరిగే లాక్టేట్‌ని కొలుస్తారు. మొదట్లో లీటరుకు 1, 1.2 మిల్లీమోల్ దగ్గర గీత చదునుగా సాగుతుంది. ఒక వేగం దాటాక పైకి వంగుతుంది. చాలామందికి 2 నుంచి 4 మధ్య ఎక్కడో ఆ వంపు ఉంటుంది. కొందరు కోచ్‌లు ఇప్పటికీ 4ని అందరికీ గీతగా పెడతారు, అది సులువు కోసం తప్ప అందరి ఒళ్లకీ సరిపడదు. వంపు కిలోమీటరుకి 5 నిమిషాల 50 సెకన్ల దగ్గర ఉందని తెలిస్తే, తేలిక పరుగు అనుకుని రోజూ 6 నిమిషాలకి లాగుతున్న మనిషి నిజానికి రోజూ గట్టి పరుగే చేస్తున్నాడని బయటపడుతుంది. నీరసానికి జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. 2008 నుంచి బెంగళూరులో జరుగుతున్న 10 కిలోమీటర్ల పోటీకి సాధన చేసేవాళ్లకి ఖరీదైన షూస్ కన్నా ఈ ఒక్క గీత ఎక్కువ ఉపయోగం. మర్నాడు కాళ్లు పట్టేయడానికి మాత్రం లాక్టేట్‌ని తిట్టకూడదు. అది గంటకి అటూ ఇటూగా రక్తంలోంచి వెళ్లిపోతుంది. కండరాలకి, గుండెకి అది ఇంధనం కూడా.

చివరిగా మగవాళ్ల ఫెరిటిన్. నెలసరి లేని ఒంట్లో, మాంసం తినే మనిషికి ఫెరిటిన్ 10కి దిగితే ‘పరుగు వల్లే’ అని సర్ది చెప్పుకోవడం చాలా తేలిక. పరుగు కొంత తీసుకుంటుంది, అంత తీసుకోవడం అరుదు. మోకాలి నొప్పికి ప్రతి లాంగ్ రన్ ముందూ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్ర వేసుకునేవాళ్లకి కడుపులో పుండు పడి నెమ్మదిగా నెత్తురు పోతుండవచ్చు. యాభై దాటినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మొదటి ఆనవాలు కూడా కొన్నిసార్లు ఇదే. మలం తారులా నల్లగా వస్తోందా అని అడిగితే ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకి ఎలాగూ నల్లగానే వస్తుంది, అక్కడ గుర్తు కలిసిపోతుంది. అందుకే మాత్ర మొదలుపెట్టకముందే ఆ ప్రశ్న అడగాలి, ఫెరిటిన్ రిపోర్టు పట్టుకుని కోచ్ దగ్గరికి కాకుండా ముందు పొట్ట డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన ఎండోస్కోపీ అంటే అది ప్యాకేజీ అమ్మకం కాదు.